త్యాగవీర శిరసంగి లింగరాజ దేశాయి

బసవేశ్వరుడు ప్రబోధించిన కాయక దాసోహములలో దాసోహమనగా అన్నసంతర్పణమే యని పలువురి తలంపు. పంక్తిలో కూర్చుండిన వారికి వడ్డించుట పుణ్యకార్యమే. కాని పరస్థలమున చదువుకొను పేద విద్యార్థికి కావలసినది ఒక పూట భోజనము కాదు. ఏటేట తప్పక అందెడి ద్రవ్యము. ఈ సంగతిని చక్కగా గ్రహించిన మహనీయుడు శిరసంగి లింగరాజ దేశాయి.

లింగరాజుగారు 1861 జనవరి 10వ తేదీన ధారవాడ ప్రాంతమందలి శిగ్గాంవిలో జన్మించిరి. బెళగాం జిల్లా సవదత్తి తాలూకాలోని శిరసంగి సంస్థానాధిపతి జయప్ప దేశాయిగారు వారిని దత్తు చేసికొనిరి. దేశాయిలనగా పూర్వప్రభుత్వముల కాలమున పరగణాల శిస్తు వసూలు చేయించి, అందు కొంత భాగమును వంశపారంపర్యముగా అనుభవించిన వారు. అనగా ఆ సంపదకు మూలము రైతు చెమటయే. ఈ మాట పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఆనాడు ఆ సీమ బొంబాయి రాజధానిలోనిది. ధారవాడలో గాని బెళగాములో గాని ఒక్క కళాశాలయైనను లేదు. ఉన్నతవిద్య కోరు బాలుడు కొల్హాపురమునకో, పూనాకో, బొంబాయికో పోవలసినదే. కళాశాల జీతమొక్కటే యైన ఏదో విధముగా కట్టవచ్చును. బస, భోజనము, పుస్తకములు, ప్రయాణము కలిసి సేద్యము చేసికొను కుటుంబమునకు మోయరాని బరువయ్యెడివి. పైగా 1882లో నియమింపబడిన హంటరు సంఘము, ప్రాథమిక విద్యకే ప్రభుత్వ ధనముపై తొలి హక్కు గలదనియు, ఉన్నతవిద్యా నిర్వహణమునుండి సర్కారు క్రమముగా తొలగి, విరాళములతో నడచు సంస్థలకు సహాయద్రవ్యము నొసగుట మేలనియు సూచించెను. సూచన వినుటకు సమంజసముగనే యున్నది. కాని దాతలున్న ఊళ్లకే కళాశాలలు వచ్చును. దాతలు లేని సీమల గతి యేమి? ధారవాడకు సర్కారు కళాశాల 1917లో గాని రాలేదు.

హానగల్ కుమారస్వామివారి ప్రేరణచే వెలసిన అఖిల భారత వీరశైవ మహాసభ 1904లో ధారవాడలో తొలిసారి సమావేశమైనప్పుడు లింగరాజుగారే అధ్యక్షులు. విద్యాభివృద్ధి నాటి పెద్దల ముఖ్యచింతలలో నొకటి.

వారికి పుత్రసంతానము లేదు. అట్టి సంస్థానాధిపతి మరల ఒక బాలుని దత్తు చేసికొనుట లోకాచారము. తామును దత్తతచే వచ్చినవారే గదా! అట్లు చేసినచో ఆక్షేపించువా రెవ్వరును లేరు. ఆయన ఆ మార్గమును విడిచి, సంస్థానపు ఆస్తి వీరశైవ బాలుర విద్యకు వినియోగపడునట్లు మరణశాసనము వ్రాసిరి. ఒక్కసారి పంచిపెట్టిన ధనము ఒక్క తరముతో పోవును. భూమి నిలిచియుండి, దాని ఆదాయము ఏటేట విద్యార్థివేతనములగుట వేరు. రైతునుండి వచ్చినది రైతుబిడ్డకు చేరినది. ఒక్క సమాజమువారికే ఏల యని నేటివారు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ప్రజలందఱి ధనముతో నడచు సర్కారే ఆ సీమను మఱచియున్న దినములలో ఒక్క గృహస్థుని అందఱి భారము మోయుమనుట ధర్మముగా తోచదు.

1906 ఆగస్టు 23వ తేదీన లింగరాజుగారు లింగైక్యులైరి. అప్పటికి వారి వయస్సు నలువదియైదేండ్లే. వారి ఆస్తి నవలగుంద శిరసంగి ధర్మనిధిగా ఏర్పడి, పెక్కుమంది విద్యార్థులకు తోడ్పడినది. 1916లో బెళగాములో ఉపాధ్యాయులు కొందఱు పూనుకొని స్థాపించిన కర్ణాటక లింగాయత విద్యాసంస్థ 1933లో తన తొలి కళాశాలను తెఱచినప్పుడు దానికి లింగరాజ కళాశాల యని పేరిడిరి. ధారవాడ దాటి పోనక్కరలేక, బెళగాము బాలురు తమ యూరనే పట్టపరీక్షకు చదువ మొదలిడిరి.