జైల్లో రాముణ్ణి నిలదీసిన రామదాసు

ఈ వారం వీడియోలో భద్రాచలం గుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో పట్టని విషయం ఒకటి మిగిలిపోయింది. దేవుడంటే మనకుండే భయం గురించి. అది ఇక్కడ రాస్తున్నాను.

మనలో చాలామందికి భక్తి భయంతోనే మొదలవుతుంది. దీపం కొండెక్కితే అపశకునం, వ్రతం మధ్యలో ఆపితే కీడు, ఈ మెసేజ్ పదకొండు మందికి పంపకపోతే నష్టం. మాదాపూర్‌లో మా ఆఫీసు చుట్టుపక్కల అప్రైజల్స్ టైమ్‌లో, లేఆఫ్ పుకార్లు వచ్చినప్పుడు మొక్కులు ఎలా పెరుగుతాయో చూస్తూనే ఉన్నా. మా టీమ్‌లో ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ ఉన్నాడు. చిన్నప్పుడు నరకం గురించి విని రాత్రిళ్లు నిద్రపట్టేది కాదట. చర్చిలో అందరితో కలిసి పాటలు పాడటం మొదలుపెట్టాకే ప్రార్థన అంటే ఇష్టం పుట్టిందట. వాడు ఆ మాట చెబుతుంటే నాకు మన కంచర్ల గోపన్న గుర్తొచ్చాడు.

గోపన్నది నేలకొండపల్లి, ఇప్పటి ఖమ్మం జిల్లా. 17వ శతాబ్దం మనిషి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన తానీషా, 1672 నుంచి 1687 వరకు ఏలాడు. ఆయన దగ్గర చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలంటారు. అలా పాల్వంచ పరగణాకు తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. కబీరుదాసు వచ్చి ఆయనకు తారకమంత్రం ఇచ్చాడని కూడా చెబుతారు. కానీ కబీరు అప్పటికి వందేళ్లకు పైగా ముందువాడు, లెక్క కుదరదు. కథ మాత్రం బావుంటుంది!

భద్రాచలంలో పోకల దమ్మక్క పందిరి వేసి పూజించుకుంటున్న రాముడికి గోపన్న గుడి కట్టించాడు. సొంత డబ్బుతో కాదు, వసూలైన సర్కారు పన్నుతో. ఆరు లక్షల వరహాలని చెబుతారు. సినిమాల్లో తానీషా కోపాన్నే చూపిస్తారు గానీ, నిజం చెప్పాలంటే ఏ ప్రభుత్వమైనా ఊరుకోదు. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఖర్చయింది. గోపన్నను పట్టుకెళ్లి గోల్కొండలో బంధించారు. పన్నెండేళ్లు అక్కడే.

హైటెక్ సిటీ నుంచి రాయదుర్గం, షేక్‌పేట మీదుగా గోల్కొండ ఎంత దూరమని? ట్రాఫిక్ లేకపోతే అరగంట. మెట్లెక్కుతుంటే రామదాసు బందిఖానా వస్తుంది. లోపల చీకటి. పైన చిన్న సందులోంచి వెలుతురు పడుతుంది. గోడ మీద దేవుళ్ల బొమ్మలు ఉంటాయి, ఆయనే చెక్కుకున్నాడంటారు.

ఆ చీకట్లో ఆయన పాడిన పాటలు చూడండి. ఒక కీర్తనలో ఏకంగా ఖర్చుల పద్దు విప్పుతాడు. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, ఒక్కోదానికి ఎంత పడిందో అంకెలతో సహా. ఇవన్నీ పెట్టుకుని ఊరేగుతున్నావు, ఇది ఎవరి సొమ్మనుకున్నావని రాముణ్ణి నిలదీస్తాడు. రాముడి తండ్రిని, మామగారిని కూడా వదలడు. ఆ వెంటనే, దెబ్బలకు తట్టుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు.

నాకు ఈ పాటలో బాగా నచ్చేది ఆ మలుపే. శిక్ష వేస్తాడని భయపడే వాణ్ణి ఎవరూ ఇలా తిట్టలేరు. మన మేనేజర్‌తో మనం ఇలా మాట్లాడతామా? అమ్మతో మాట్లాడతాం. అరిచేసి, పది నిమిషాల తర్వాత వంటింట్లోకి వెళ్లి సారీ చెబుతాం. గోపన్న రాముడితో అలా ఉన్నాడు. ఇంకో పాటలో రాముడు పలకడం లేదని అలుగుతాడు. మరో పాటలో సీతమ్మ దగ్గరికి వెళ్లి, ఆయన ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి ఒక్క మాట చెప్పమ్మా అని బతిమాలుతాడు. నాన్న కోపంగా ఉంటే అమ్మ ద్వారా పని కానిచ్చుకోవడం మనకు కొత్తా?

అలాగని ఆయనకు భయమే లేదని కాదు. కొరడా దెబ్బల భయం ఉంది, పాటల్లోనే ఏడ్చాడు. కానీ ఆ భయం తానీషా భటులంటే, రాముడంటే కాదు. అదే గొంతుతో రాముడు పక్కనుండగా మనకేం తక్కువని హుషారుగా పాడతాడు, జగమంతా రాముడే నిండి ఉన్నాడని పొంగిపోతాడు. వీటిలో ఏది జైల్లో పాడింది, ఏది బయట పాడింది అని విడదీయడం కష్టం. వింటే తేడా తెలియదు కూడా. బాలమురళీకృష్ణ గారి గొంతులో ఒకసారి వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

విడుదల కథ మీకు తెలిసిందే. రామలక్ష్మణులు మారువేషాల్లో ఒక రాత్రి తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షలూ కట్టి రసీదు తీసుకున్నారని చెబుతారు. తర్వాతి తరాల్లో త్యాగరాజు (1767-1847) కూడా రాముణ్ణి వేడుకుంటూ, రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానని తన కీర్తనలో గుర్తుచేశాడు. నాకూ అలాగే చేయమని అడగడానికి ఆయనకు అదొక ఆధారం.

1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. తానీషాను దౌలతాబాద్ కోటకు పట్టుకెళ్లారు, ఆయన బందీగానే అక్కడ చనిపోయాడు. ఆయన పంపాడని చెప్పుకునే ముత్యాల తలంబ్రాలు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాచలం సీతారాముల కల్యాణానికి అవి వెళుతూనే ఉన్నాయి.