పదవులు కోరని శాస్త్రజ్ఞుడు

నేడు పల్లెలోని పూరింట దీపము వెలుగుచున్నను, పొలములో మోటారు నీరు తోడుచున్నను, కర్మాగారములో యంత్రము తిరుగుచున్నను, వాని వెనుక ఒక మహనీయుని కృషి కలదు. ఆయనయే మైకేల్ ఫారడే. ఆయన ధనికుల ఇంట పుట్టలేదు. కళాశాల మెట్లెక్కి చదువుకొనలేదు. తనకు ప్రియమైన పని దొరకిన పిమ్మట అంతకంటె పెద్ద పదవిని గాని, అధిక ధనమును గాని వెదకుకొని పోలేదు. అవియే తన్ను వెదకుకొని వచ్చినప్పుడు వినయముతో మరల్చి పంపెను.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండన్ నగరమునకు చేరువ న్యూయింగ్టన్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి. అతడు తఱచు జబ్బుపడుచుండుటచే సంసారమునకు రాబడి చాలకుండెను. 1801లో ధాన్యపు ధరలు పెరిగినప్పుడు తొమ్మిదేండ్ల మైకేల్ చేతికి తల్లి ఒక రొట్టె ఇచ్చెడిది. దానితోనే ఆ బాలుడు వారము దినములు గడుపుకొనవలసి యుండెను. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు చేయుట, ఇంతమాత్రమే అతడు బడిలో నేర్చినది.

పదుమూడవ యేట అతడు రీబో అను పుస్తక విక్రేత కొట్టులో పత్రికలు మోయు కుర్రవానిగా కుదిరెను. మరుసటి యేడు, అనగా 1805లో, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకై ఏడు సంవత్సరముల ఒడంబడికపై అక్కడనే చేరెను. కట్టుటకు వచ్చిన పుస్తకములను అతడు చదువకుండ విడుచుట లేదు. ఒకనాడు ఒక విజ్ఞానసర్వస్వపు సంపుటమున విద్యుచ్ఛక్తిని గూర్చిన వ్యాసము అతని కంటబడెను. నాటినుండి చేతనున్న చిల్లరడబ్బులతో సామానులు కొని, చదివినది నిజమో కాదో స్వయముగా పరీక్షించి చూచుచుండెను. యజమాని మంచివాడగుటచే అడ్డు చెప్పలేదు.

1812లో కొట్టునకు వచ్చుపోవు ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విజ్ఞానసంస్థలో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చు ఉపన్యాసములకు ఫారడేకు ప్రవేశపత్రములు ఇచ్చెను. అతడు నాలుగు ఉపన్యాసములు విని, వానిని బొమ్మలతో సహా శ్రద్ధగా వ్రాసి, తన చేతితోనే అట్టకట్టి, తనకేదైన పని ఇప్పింపుమని ప్రార్థించుచు డేవీకి పంపెను. డేవీ అతనిని పిలిపించి హితవు చెప్పెను. శాస్త్రసేవలో కష్టము హెచ్చనియు, ధనము తక్కువయనియు, చేతనున్న వృత్తిని విడువవలదనియు వివరించెను. వ్యాపారము మనుష్యుని స్వార్థపరుని గావించుననియు, శాస్త్రము ఉదారుని గావించుననియు ఆ యువకుడు నమ్మియుండెను. ఆ మాట విని డేవీ చిరునవ్వు నవ్వి, కొన్నేండ్ల అనుభవముచే నిజము తెలియగలదనెను. అయినను ఫారడే పట్టు విడువలేదు.

1813వ సంవత్సరము మార్చి 1వ తేదీన అతడు ఆ సంస్థలో సహాయకుడుగా చేరెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడమీద రెండు గదులు, చలి కాచుకొనుటకు బొగ్గు, వెలుతురునకు క్రొవ్వొత్తులు, ఇవి అతనికి లభించిన ప్రతిఫలము. ఆ యేడే డేవీ దంపతుల వెంట ఐరోపా ఖండయాత్రకు పోయెను. డేవీ సేవకుడు చివరి గడియలో రానని చెప్పుటచే, ఆ పనులును ఫారడే తలపై పడెను. డేవీ భార్య అతనిని నౌకరుగానే చూచెను. మనసు నొచ్చి తిరిగిపోవలెనని అతడు పలుమార్లు తలపోసెను. కాని గొప్ప శాస్త్రజ్ఞులను చూచి నేర్చుకొను అవకాశము మరల రాదని ఓర్చుకొనెను.

1821లో ఫారడే సారా బర్నార్డును వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. ఆ సంస్థ భవనపు మేడమీది గదులే వారి గృహము. ధనము కూడబెట్టుట తగదని బోధించు ఒక చిన్న క్రైస్తవ సంఘమునకు వారిరువురును చెందినవారు. 1827లో క్రొత్తగా నెలకొల్పబడిన లండన్ విశ్వవిద్యాలయమువారు రసాయనశాస్త్రాచార్య పదవికి ఆయనను ఆహ్వానించిరి. తన్ను పైకి తెచ్చిన సంస్థను విడుచుట ఇష్టములేక ఆయన ఆ పదవిని అంగీకరింపలేదు.

ఇంతకంటె గట్టి పరీక్ష మఱి నాలుగేండ్లకు వచ్చెను. సంస్థ ఇచ్చు జీతము యేడాదికి 100 పౌనులు మాత్రమే. అయితే పారిశ్రామికులు తమ సరకులను పరీక్షింపించుకొనుటకు ఆయన యొద్దకు వచ్చుచుండిరి. 1830లో ఇట్టి పనుల వలన ఆయనకు 1,000 పౌనులకు మించిన రాబడి కలిగెను. ఆ మార్గమున ఇంకను ముందునకు పోవుటకు అడ్డేమియు లేకుండెను.

కాని అయస్కాంతము నుండి విద్యుత్తును పుట్టింపవలెనని 1822 నాటికే ఆయన తన పుస్తకమున వ్రాసికొని యుండెను. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఒక ఇనుప కడియమునకు రెండు వైపుల రాగితీగలు చుట్టి, ఒక తీగలో విద్యుత్తును ప్రవహింపజేసెను. రెండవ తీగ దగ్గఱనున్న సూచి ఒక్కసారి కదలెను. ప్రవాహమును ఆపగా మరల కదలెను. ఆ కదలిక నుండియే నేటి విద్యుదుత్పాదక యంత్రములు పుట్టినవి. ముందు చేయవలసిన పని ఎంతయో ఉన్నదని ఫారడే గ్రహించెను. ధనార్జన, పరిశోధన రెండును ఒక మనుష్యుని కాలమున ఇముడవని తెలిసికొని, బయటి పనులను తగ్గించివేసెను. 1832లో వాని వలన వచ్చిన రాబడి 155 పౌనులు మాత్రమే. ఆ మార్గముననే సాగియున్నచో జీవితమున 1,50,000 పౌనులు ఆర్జించి యుండెడివాడని ఆయన మిత్రుడు జాన్ టిండాల్ లెక్కగట్టెను.

ఫారడే ధనమును ద్వేషింపలేదు, గౌరవములన్నిటిని త్రోసిపుచ్చనులేదు. విద్వత్సభలు ఇచ్చిన సన్మానములను సంతోషముతో స్వీకరించెను. 1835లో ప్రభుత్వము ఆయనకు భృతి నీయదలచెను. ప్రధానమంత్రి లార్డ్ మెల్‌బోర్న్ అట్టి భృతులను గూర్చి చులకనగా మాటలాడుటచే, అది తనకు అక్కఱలేదని ఫారడే వ్రాసి పంపెను. మంత్రి తన మాటకు విచారము తెలిపిన పిమ్మటనే, యేడాదికి 300 పౌనుల భృతిని స్వీకరించెను.

1857లో ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులకెల్ల తలమానికమైన రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని చేపట్టుమని పెద్దలు స్వయముగా వచ్చి కోరిరి. టిండాల్ కూడ బ్రతిమాలెను. ఫారడే ఒక రాత్రి ఆలోచించి, మరునాడు నిరాకరించెను. ఆ భారము వహించినచో ఒక యేడాదియైనను తన బుద్ధి చెడకుండునని చెప్పజాలనని మిత్రునకు తెలిపెను. తుదివరకు వట్టి మైకేల్ ఫారడేగానే ఉండగోరెను.

ఆ పదవిని కాదన్న పెద్దమనిషి చిన్నపిల్లలకు పాఠము చెప్పుటను మాత్రము కాదనలేదు. 1827 మొదలు 1860 వరకు క్రిస్మస్ సెలవులలో 19 పర్యాయములు బాలబాలికలకు ఉపన్యాసములిచ్చెను. ఒక్క క్రొవ్వొత్తి మండుటను ఆధారముగా గొని రసాయనశాస్త్రమును వారికి విప్పిచెప్పెను. ఓడలకు దారి చూపు దీపస్తంభములను పరీక్షించు పనియు ఆయన వహించెను. 1860లో మంచు పేరుకొని బాటలు మూసికొనిపోగా, దాదాపు డెబ్బదియేండ్ల ఆ వృద్ధుడు కంచెలు, గోడలు దాటి సౌత్ ఫోర్‌ల్యాండ్ దీపస్తంభమును చేరెను. అచట వెలుగుచున్న విద్యుద్దీపము ఆయన కనిపెట్టిన సూత్రము వలన వెలిగినదియే.

వయసు మీరుకొలది ఆయన జ్ఞాపకశక్తి సడలెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఒక ఇంటిని ఆయనకు ఒసగెను. దాని మరమ్మతులకు తగిన డబ్బు తన యొద్ద లేదని ఆయన సంకోచింపగా, రాణియే బాగుచేయించెను. ఆ ఇంటనే 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన కుర్చీలో కూర్చుండియే ప్రశాంతముగా కన్నుమూసెను.

పదవులను కోరనివాడు పనిని తప్పించుకొనువాడని కొందఱు భ్రమపడుదురు. ఫారడే తన ప్రయోగములను వ్రాసిన పుస్తకములలో అంశములకు వరుసగా వేసిన సంఖ్య 16,041 వరకు సాగినది. తనకు ఎంత చాలునో తెలిసికొనుటచే, మిగిలిన కాలమంతయు ఆయనకు పనికే దక్కినది. హైగేట్ శ్మశానమున ఆయన సమాధిపై బిరుదములు లేవు. పేరును, పుట్టిన దినమును, గతించిన దినమును మాత్రమే ఆ రాతిపై చెక్కబడియున్నవి.