బట్టల కొట్టు గుమాస్తా – రైతుల పత్రికా సంపాదకుడు

పగలు ఫైళ్ళు, రాత్రి పద్యాలు అన్నట్లుగా మన సభ్యులలో చాలామంది సర్వీసు గడిపారు. ఉద్యోగం, సాహిత్యం రెండూ ఒకే బల్ల మీద సాగించిన మహనీయుడు ఐర్లండ్ దేశస్థుడైన జార్జి విలియం రస్సెల్. సాహిత్యలోకంలో ఆయన పేరు ‘ఏ.ఇ.’.

వీరు 1867 ఏప్రిల్ 10న ఐర్లండ్ ఉత్తర ప్రాంతంలోని లర్గన్‌లో జన్మించారు. పదకొండో ఏట కుటుంబం డబ్లిన్ చేరింది. అక్కడి చిత్రకళా పాఠశాలలో, తరువాత మహాకవిగా పేరు పొందిన యేట్స్‌తో స్నేహం కుదిరింది. పొట్టకూటికి పిమ్ వారి బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరి, 1897 వరకు పద్దులు రాశారు. దివ్యజ్ఞాన సమాజం ద్వారా ఉపనిషత్తులు, భగవద్గీత ఆయనకు నిత్యపఠనీయాలయ్యాయి. ఆ గుమాస్తాగిరీలోనే 1894లో మొదటి కవితా సంపుటి వెలువడింది.

ఆనాటి ఐర్లండ్ పల్లెల్లో అప్పు ఇచ్చేవాడు, సరుకు అమ్మేవాడు, పంట కొనేవాడు తరచుగా ఒక్కడే. ఆ పట్టు నుంచి రైతును విడిపించడానికి హొరేస్ ప్లంకెట్ 1894లో వ్యవసాయ సహకార సంస్థ స్థాపించారు. యేట్స్ సిఫారసుపై 1897లో రస్సెల్ అందులో చేరి, సైకిలు మీద ఊరూరా తిరిగి పరపతి సంఘాలు పెట్టించారు. వీటికి జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన గ్రామ బ్యాంకులు ఆదర్శం. మన దేశంలో 1904 నాటి సహకార చట్టానికీ మూలం అవే.

1905 నుంచి 1923 వరకు ఆ ఉద్యమ వారపత్రిక ‘ఐరిష్ హోమ్‌స్టెడ్’కు ఆయన సంపాదకులు. వెన్న, కోడిగుడ్లు, పందులు, ఎరువులు, విత్తనాలు – వారం వారం ఇవే విషయాలు. అంతటి కవికి ఈ రాత దేనికని మనకు అనిపించవచ్చు. సంపాదకుడు కాకముందే 1904లో, డబ్బు ఇబ్బందిలో ఉన్న జేమ్స్ జాయిస్ చేత ఆ పత్రికకు కథలు రాయించింది రస్సెలే. మూడు కథలు అచ్చయ్యాయి. అదే జాయిస్ తరువాత తన నవలలో దానిని పందుల పత్రిక అని ఎగతాళి చేశారు. రస్సెల్ మాత్రం ఆ పని మానలేదు. రైతు చేతిలో నాలుగు డబ్బులు, మనసులో నాలుగు మంచి ఊహలు రెండూ ఉండాలని ఆయన నమ్మకం.

పరీక్ష 1920లో వచ్చింది. స్వాతంత్ర్య పోరాట కాలంలో బ్రిటిష్ బలగాలు అనేక సహకార పాల కేంద్రాలను తగులబెట్టాయి. ఏళ్ళ తరబడి కట్టుకున్నది బూడిదవుతుంటే, ఆ దహనాలను ఆయన కలం లోకానికి చాటింది. 1923 నుంచి 1930 వరకు ‘ఐరిష్ స్టేట్స్‌మన్’ నడుపుతూ, పాట్రిక్ కవనా అనే చిన్న రైతు కవితలు ప్రచురించారు. 1931లో ఆ యువకుడు కాలినడకన డబ్లిన్ వస్తే, ఆదరించి పుస్తకాలిచ్చి పంపారు. కవనా తరువాత ఐర్లండ్ ప్రముఖ కవులలో ఒకరయ్యారు.

ఇన్ని పనుల మధ్యనే 1902లో ‘డీర్‌డ్రీ’ నాటకం, 1922లో ‘ది ఇంటర్‌ప్రెటర్స్’, 1933లో ‘ది అవతార్స్’ అనే నవలలు వెలువడ్డాయి. ఆ నాటకంలో వేషం వేసిన జేమ్స్ కజిన్స్ అనంతరం మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1919లో రవీంద్రులు అక్కడ ఆయన అతిథిగా ఉన్నారు.

1932లో భార్య గతించారు. తరువాత సంవత్సరం రస్సెల్ ఐర్లండ్ వదిలారు. అరవై ఏడేళ్ళు దాటాక కూడా, అమెరికా వ్యవసాయ శాఖ ఆహ్వానంపై వెళ్ళి గ్రామజీవనం గురించి ఉపన్యసించారు. 1935 జూలై 17న ఇంగ్లండులోని బోర్న్‌మత్‌లో కన్నుమూశారు. డబ్లిన్‌లో ఖననం జరిగింది.

గుమాస్తా పని చిన్నదని, రైతు పత్రిక తక్కువదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కవిత్వానికి ఇచ్చినంత శ్రద్ధనే వెన్న ధరలకూ ఇచ్చారు. విశ్రాంత జీవితంలో ఉన్న మనం, మన ఊరి సంఘం లెక్కలు చూసిపెట్టినా, ఒక పిల్లవాడికి పుస్తకం ఇచ్చినా, ఆయన మార్గంలో ఒక అడుగు వేసినట్లే.