కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 - 1821 మే 8) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. దక్షిణాది దేవాలయ శాసనాలను, స్థానిక చరిత్రలను సేకరించినవాడుగా ప్రసిద్ధుడు.

స్కాట్లాండులోని స్టోర్నోవేలో జన్మించి, 1783లో మద్రాసు చేరాడు. 1794లో, నాడు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉన్న శ్రీశైలాన్ని సందర్శించాడు. అక్కడి ఆలయ ప్రాకారపు రాళ్ళపై ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివుని కథలు వరుసలు వరుసలుగా చెక్కబడి ఉన్నాయి. ఈ ఆలయాన్ని గురించి ఇతడు వ్రాసిన వ్యాసం 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ అయిదవ సంపుటంలో వెలువడింది.

అయితే మెకంజీకి దేశభాషలు రావు. శిల్పాన్ని చిత్రింపజేయగలడు గాని, దాని ప్రక్కనున్న శాసనాన్ని చదువలేడు. ఆ పని చేసినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. హళగన్నడ శాసనాలను సైతం చదివిన వెంకట బొర్రయ్య 1803లో పిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత స్వీకరించాడు. మెకంజీ ఉద్యోగులు కడప మొదలైన దత్తమండలాలలో ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్ళు తీశారు. కరణాల వద్దనున్న దండకవిలెల ఆధారంగా గుళ్ళు, చెరువులు, మాన్యాల వివరాలతో కైఫీయతులు సిద్ధం చేశారు.

మెకంజీ మరణానంతరం ఈ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికలో 8,076 శాసనాలు, 2,630 చిత్రాలు ఉన్నాయి. పని కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరగా, అందుకు అతడు చాలడని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ 1836లో త్రోసిపుచ్చింది. ఆ శాసనాలను అంతవరకు చదివినది అతడివంటివారే. తెలుగు కైఫీయతులకు సి.పి.బ్రౌన్ తరువాత నకళ్ళు వ్రాయించాడు. కడప జిల్లా కైఫీయతులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది.