లంచాన్ని నిలదీశారు.. సొంత సొమ్ము ఊరికిచ్చారు

పారదర్శకతకు శతాబ్దం క్రితమే బాట వేసిన కందుకూరి వీరేశలింగం పంతులు
మే 27 ఆయన వర్థంతి

మురమళ్ళ (ఐ.పోలవరం): వితంతు వివాహాల ఉద్యమకారుడిగా, రాజశేఖర చరిత్ర రచయితగా, యుగకర్తగా కందుకూరి వీరేశలింగం పంతులు తెలుగువారందరికీ సుపరిచితులు. లంచగొండితనంపై పత్రికను ఆయుధంగా ప్రయోగించిన యోధుడిగా, ప్రజల కోసం వెచ్చించే ప్రతి రూపాయికీ జవాబుదారీ ఉండాలని ఆచరణలో చూపిన పౌరుడిగా ఆయనను స్మరించుకునేవారు తక్కువ. పట్టణాలకు, పంచాయతీలకు అభివృద్ధి నిధులు వస్తున్నా వాటి జమాఖర్చులు సామాన్యుడి కంటపడటం గగనమవుతున్న ఈ రోజుల్లో ఆయన జీవితంలోని ఆ పార్శ్వాన్ని గుర్తుచేసుకోవడం ఎంతైనా అవసరం.

ఆనకట్టతో పాటే ఎదిగిన బాల్యం

వీరేశలింగం 1848 ఏప్రిల్‌ 16న రాజమహేంద్రవరంలో సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించారు. పూర్వీకులు కందుకూరు ప్రాంతం నుంచి వలస వచ్చినందున అదే ఇంటిపేరుగా స్థిరపడింది. నాలుగేళ్ళ వయసులోనే తండ్రిని కోల్పోయిన ఆయన పెదనాన్న వెంకటరత్నం సంరక్షణలో పెరిగారు. చిన్ననాటి నుంచి అనారోగ్యం వెన్నాడినా చదువులో ముందుండేవారు. 1861లో బాపమ్మతో వివాహం జరిగింది. ఆమే తరువాత రాజ్యలక్ష్మమ్మగా ఆయన ఉద్యమాలన్నింటా వెన్నుదన్నుగా నిలిచారు.

ఆయన పుట్టేనాటికి ధవళేశ్వరం వద్ద సర్‌ ఆర్థర్‌ కాటన్‌ ఆధ్వర్యంలో గోదావరి ఆనకట్ట నిర్మాణం సాగుతోంది. 1852లో అది పూర్తయింది. కాలువలు పారాయి. కరవుకు, ముంపుకు అల్లాడిన డెల్టా ధాన్యాగారమైంది. భూమికి విలువ పెరిగింది. దానితో పాటే శిస్తులు, హద్దులు, వాటాల తగాదాలు, కోర్టు వ్యాజ్యాలు పెరిగాయి. పనుల కోసం ప్రభుత్వ ధనం పెద్దఎత్తున చేతులు మారసాగింది. సొమ్ము ఉన్నచోట చేతివాటం చేరుతుందన్నట్టు కచేరీల్లో లంచం మామూలు వ్యవహారంగా మారిపోయింది. వీరేశలింగం యవ్వనం ఈ వాతావరణంలోనే గడిచింది.

లంచం ఇవ్వలేక.. ఉద్యోగమే వద్దనుకుని

పెదనాన్న మరణానంతరం కుటుంబ భారం మీద పడటంతో ఆయన ప్రభుత్వోద్యోగం కోసం ప్రయత్నించారు. చేయి తడపనిదే కొలువు దక్కదని తెలిసి ఆ ఆలోచనకు స్వస్తి చెప్పారు. న్యాయవాద వృత్తి చేపడదామనుకున్నా, అక్కడ కూడా అసత్యాలు ఆడక తప్పని పరిస్థితి ఉందని గ్రహించి దూరంగా ఉన్నారు. చివరకు ఆదాయం తక్కువైనా అంతరాత్మకు అడ్డురాని ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు.

ఆ వృత్తిలో ఆయన తొలి మజిలీల్లో ఒకటి కోరంగి. మురమళ్ళకు గౌతమి ఆవలి తీరాన, యానాం దాటిన తరువాత వచ్చే ఊరది. 2002లో యానాం-ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి ప్రారంభమైన తరువాత కోనసీమ వాసులకు ఆ దారి సులువైంది గానీ, ఆ కాలంలో పడవే గతి. ఒకప్పుడు ఓడరేవుగా వెలిగి, 1839 నాటి పెను తుపానుకు చితికిపోయిన ఆ ఊరి పాఠశాలలో ఆయన పనిచేశారు. అక్కడి నుంచి ధవళేశ్వరం ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వెళ్ళారు. ఆనకట్టకు, ఇంజినీరింగ్‌ కార్యాలయాలకు కేంద్రమైన ధవళేశ్వరంలోనే ఆయన 1874లో బాలికల పాఠశాలను నెలకొల్పారు. అదే ఏడాది ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన మరో కార్యానికి శ్రీకారం చుట్టారు.

కచేరీల్లో కలవరం పుట్టించిన వివేకవర్ధిని

1874 అక్టోబరులో వివేకవర్ధిని పత్రిక వెలువడింది. తొలుత మద్రాసులో అచ్చయ్యేది. ఇక్కడ రాసింది అక్కడికి పంపి, ముద్రించుకుని తెచ్చుకోవడం కష్టమవడంతో 1875లో రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. భాషాభివృద్ధి, సంఘ సంస్కరణ ఆ పత్రిక ఆశయాలు. వాటితో పాటు ఉద్యోగుల అవినీతిని బయటపెట్టడం కూడా దాని నిత్యకృత్యమైంది. లంచాలు మరిగిన ఉద్యోగులు, వారికి తరగరులుగా వ్యవహరించేవారు, కక్షిదారులను పీడించే కోర్టు సిబ్బంది, దారితప్పిన న్యాయవాదులు అందరూ ఆ పత్రికలో విమర్శకు గురయ్యారు. అవినీతిపరులకు వివేకవర్ధిని సింహస్వప్నమన్న పేరు ఆ రోజుల్లోనే స్థిరపడింది.

ఆ కాలంలో ఇది ఎంతటి సాహసమో తెలియాలంటే నాటి స్థానిక పాలన తీరు తెలియాలి. మద్రాసు రాజధానిలో పట్టణాభివృద్ధి చట్టం 1865లో వచ్చింది. 1871లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. వీధులు, కాలువలు, దీపాలు, పారిశుద్ధ్యం వంటి పనుల కోసం ఇళ్ళపైన, వృత్తులపైన, బండ్లపైన పన్నులు వేసే అధికారం పురపాలక సంఘాలకు లభించింది. అయితే పెత్తనం ప్రధానంగా ప్రభుత్వాధికారులది, వారు నియమించిన సభ్యులది. పన్ను కట్టేవాడు ఒకడు, ఖర్చు చేసేవాడు వేరొకడు. లార్డ్‌ రిప్పన్‌ 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం తెచ్చేదాకా, దాని వెన్నంటే 1884లో మద్రాసు జిల్లా పురపాలక చట్టం వచ్చేదాకా ఎన్నికైన ప్రతినిధుల పాత్ర పరిమితమే. తన సొమ్ము ఏమైందని అడిగేందుకు సామాన్యుడికి వేదిక లేదు. అడిగినా అర్థమయ్యే భాషలో జవాబు దొరకదు.

ఆ లోటును తెలుగు పత్రిక పూరించింది. వీరేశలింగం సరళమైన వచనాన్ని చేపట్టడానికి గల ప్రయోజనాల్లో ఇదొకటి. గ్రాంథిక సమాసాల్లో రాస్తే పండితులు మెచ్చుకుంటారు. తేట తెలుగులో రాస్తే రచ్చబండ దగ్గర ఒకరు చదువుతుంటే పదిమంది వింటారు. కచేరీ గోడల మధ్య జరిగిన సంగతి ఊరంతా పాకుతుంది. అక్షరం రాని రైతుకు కూడా ఫలానా కార్యాలయంలో ఏం జరిగిందో తెలుస్తుంది. అవినీతికి చీకటి ఎంత అవసరమో, దాని నిర్మూలనకు వెలుగు అంత అవసరమని ఆయన గుర్తించారు.

వార్తతో సరిపెట్టక ఆయన హాస్యాన్ని కూడా ఆశ్రయించారు. 1876లో హాస్యసంజీవిని పత్రికను ప్రారంభించి ప్రహసనాలు ప్రచురించారు. న్యాయస్థానాల్లోని అక్రమాలను, వకీళ్ళ మాయలను వ్యవహార ధర్మబోధినిలో చిత్రించారు. రాజమహేంద్రవరంలో విద్యార్థులు దానిని 1880లో ప్రదర్శించారు. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకు నాంది పలికిన ఘట్టాల్లో దాన్ని ఒకటిగా చెబుతారు. ఆయన జయంతి అయిన ఏప్రిల్‌ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడం వెనుక ఉన్న కారణమిదే. ఆ నాటక చరిత్ర తొలి పుటల్లోనే లంచంపై ధిక్కారం ఉండటం విశేషం.

చెప్పుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 1876 ప్రాంతంలో రాజమహేంద్రవరం చేరి తెలుగు పండితుడిగా పనిచేస్తున్న ఆయనకు జీతమే ప్రధాన ఆధారం. పత్రికలో విమర్శలకు గురైనవారు పలుకుబడి గలవారు. వారు తలచుకుంటే కొలువుకు ఎసరు పెట్టగలరు. వ్యాజ్యాల్లో ఇరికించగలరు. అయినా ఆయన కలం వెనక్కు తగ్గలేదు.

విరాళానికీ బాధ్యతే

ఎదుటివారిని లెక్క అడిగేవాడు ముందు తన లెక్క సరిగా ఉంచుకోవాలి. ఈ నియమానికి ఆయన ఉద్యమమే పరీక్ష అయింది. 1878లో సంఘ సంస్కరణ సమాజం ఏర్పడింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగింది. వివాహానికి సహకరించినవారిని వెలివేశారు. వంటవారు, పురోహితులు దొరకడం కనాకష్టమైంది. విద్యార్థులు కాపలా కాశారు. వధూవరులకు ఆశ్రయం, భృతి, ప్రయాణ ఖర్చులు సమకూర్చే భారం ఆయనపై పడింది. కాకినాడకు చెందిన వ్యాపారి పైడా రామకృష్ణయ్య ఉదారంగా ధన సహాయం చేశారు. పదిమంది ఇచ్చిన సొమ్ముతో నడిచే పనిలో నిందలు సహజం. ప్రత్యర్థులు వేయి కళ్ళతో చూస్తున్నప్పుడు ఒక్క రూపాయి తేడా వచ్చినా ఉద్యమం కూలిపోతుంది. తన స్వీయచరిత్ర రెండు భాగాల్లోనూ ఆయన ఈ పనుల వివరాలను దాపరికం లేకుండా రాసుకొచ్చారు. విజయాలతో పాటు ఇబ్బందులనూ, అప్పులనూ, అనుచరులతో వచ్చిన అభిప్రాయభేదాలనూ విడిచిపెట్టలేదు.

నడిబొడ్డున పురమందిరం

1890లో రాజమహేంద్రవరంలో పురమందిరం వెలిసింది. ఊరి సొమ్ము కోసం చేయి చాపకుండా వీరేశలింగం తన సొంత ధనంతో దానిని నిర్మించి ప్రజలకు అందించారు. టౌన్‌హాల్‌గా నేటికీ అందరికీ తెలిసిన ఆ భవనం తెలుగునాట ఈ తరహా నిర్మాణాలకు ఆద్యమైనదిగా పేరొందింది. పట్టణ అభివృద్ధి అంటే రోడ్లు, కాలువలు, దీపాలు మాత్రమే కాదు. పౌరులు ఒకచోట కూడి మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటు కూడా పట్టణానికి ఉండాలి. రాజుల కొలువుకూటం, అధికారుల కచేరీ ఉన్న ఊరిలో ప్రజలదంటూ ఒక కప్పు లేకపోవడం లోటుగా ఆయనకు తోచింది. పత్రికతో జనానికి సమాచారం ఇచ్చారు. పురమందిరంతో దానిని చర్చించుకునే వేదికనిచ్చారు.

ప్రభుత్వం 1893లో ఆయనను రావుబహదూర్‌ బిరుదుతో గౌరవించింది. 1898లో మద్రాసులో జరిగిన భారత సంఘ సంస్కరణ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో కొన్నేళ్ళు అధ్యాపకులుగా పనిచేసి తిరిగి స్వస్థలం చేరుకున్నారు. పదవులు, బిరుదులు వచ్చినా జీవన సరళిలో మార్పు లేదు.

ఆస్తి యావత్తూ సమాజానికే

1906లో ఆయన హితకారిణీ సమాజాన్ని స్థాపించారు. ఇల్లు, తోట, సంపాదించినదంతా ఆ సంస్థకే అప్పగించారు. సంతానం లేని ఆ దంపతులకు ఊరి పిల్లలే వారసులయ్యారు. ఇక్కడ గమనించవలసింది దానం పరిమాణం కాదు, దానం చేసిన పద్ధతి. నమ్మకస్థుడైన ఒకరి చేతిలో నోటిమాటగా పెట్టి ఊరుకోలేదు. ఒక సంస్థను ఏర్పరచి, నిర్వహణ సంఘానికి బాధ్యత అప్పగించారు. వ్యక్తి మంచివాడైనా నియమం లేకపోతే సొమ్ము నిలవదన్న లౌకిక జ్ఞానం అందులో ఉంది. ఆస్తిక పాఠశాలగా మొదలై ఎదిగిన ఎస్‌కేవీటీ విద్యాసంస్థలు, రాజ్యలక్ష్మమ్మ పేరిట వెలసిన మహిళా కళాశాల ఆ బీజం నుంచి మొలిచినవే. కోనసీమ గ్రామాల నుంచి వెళ్ళి అక్కడ చదువుకున్నవారు ఎందరో.

1910లో రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. వయసు మీదపడినా, ఆరోగ్యం సహకరించకున్నా ఆయన రచన మానలేదు. ఆంధ్ర కవుల చరిత్ర సవరణ పనిలో మద్రాసులో ఉండగా 1919 మే 27న తుదిశ్వాస విడిచారు. తపాలా శాఖ 1974లో ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది. రాజమహేంద్రవరంలోని ఆయన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు.

నేటికీ ఆ ప్రశ్న మిగిలే ఉంది

ఆయన కాలంలో లేనివి, నేడు ఉన్నవి కొన్ని ఉన్నాయి. 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలతో గ్రామ, పట్టణ సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించింది. పంచాయతీరాజ్‌ చట్టం ప్రకారం వార్షిక జమాఖర్చులు, ఆడిట్‌ నివేదిక గ్రామసభ ముందుకు రావాలి. 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆ చట్టం నాలుగో సెక్షన్‌ ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు తమ బడ్జెట్‌, ప్రణాళికలు, చేసిన చెల్లింపుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. అడిగితే 30 రోజుల్లో సమాధానమివ్వాలి. మన రాష్ట్రంలో 2005లో రూపొందించిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు మాత్రమే.

వీరేశలింగం చేతిలో ఇవేవీ లేవు. ఆయనకు ఉన్నదల్లా ఒక అచ్చుయంత్రం, సూటిగా రాసే కలం. పుష్కరాల పేరిట, సుందరీకరణ పేరిట, ప్రధాన కూడళ్ళ విస్తరణ పేరిట గోదావరి తీరాన కోట్లాది రూపాయలు ఖర్చవుతుంటాయి. 2003లోను, 2015లోను పుష్కర ఘాట్లకు, రహదారులకు భారీగా నిధులు వచ్చాయి. పని ఎవరికి దక్కింది, అంచనా ఎంత, చెల్లించింది ఎంత, నాణ్యతను ఎవరు ధ్రువీకరించారు అన్న నాలుగు సంగతులు పని జరిగే చోటే బోర్డు మీద కనిపిస్తే సగం అనుమానాలు తొలగిపోతాయి. నిజాయతీగా పనిచేసే ప్రతినిధికి, ఉద్యోగికి కూడా అదే రక్ష. లెక్క దాచినచోట మంచివాడిపైనా మచ్చ పడుతుంది.

చట్టాలు కాగితాల మీద ఉన్నాయి. గ్రామసభకు వెళ్ళి జమాఖర్చుల పుస్తకం తెరిపించే పౌరులే ఇంకా పెరగాలి. విగ్రహానికి పూలదండ వేయడం ఏడాదికొక రోజు పని. తన ఊరి సొమ్ముకు లెక్క అడగడం, తన చేతిలోని ఊరి సొమ్ముకు లెక్క చెప్పడం ఏడాది పొడవునా చేయవలసిన పని. ఆ రెండూ జరిగిన ఊరే కందుకూరికి నిజమైన నివాళి అర్పించినట్లు.