జార్జి వెస్టింగ్‌హౌస్

ఏడవ నిజాము కాలమున బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది మొదలు 2015లో అది మూతపడు వరకు, కోతల కాలము వచ్చెనన్న ఆ ప్రాంతపు త్రోవలన్నియు చెరకు బండ్లతోను, లారీలతోను నిండియుండెడివి. నరికిన చెరకు నిలువయున్నకొలది అందలి చక్కెర తరిగిపోవును. కావున బండ్లకు తొందర తప్పదు. కాని బరువైన బండిని పరుగెత్తించుట కంటె పరుగెత్తు బండిని నిలుపుట కష్టము. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు పట్టు దూరము ఇంచుమించు నాలుగింతలగును. ఈ చిక్కునకు మార్గము కనుగొని లక్షల ప్రాణములను కాపాడిన మహనీయుడు జార్జి వెస్టింగ్‌హౌస్.

ఆయన 1846వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున సెంట్రల్ బ్రిడ్జి యను పల్లెలో జన్మించెను. తండ్రి నూర్పిడి యంత్రములను, సేద్యపు పనిముట్లను చేయించు కర్మశాలకు యజమాని. 1856లో వారి కుటుంబము స్కెనెక్టడీ పట్టణమునకు తరలిపోయెను. బాలుడైన జార్జికి పాఠశాల కంటె తండ్రిగారి కర్మశాల యందే మక్కువ యెక్కువ. అమెరికాలో అంతర్యుద్ధము సాగుచున్న దినములలో అతడు చిన్నతనముననే సైన్యమున చేరి, పిమ్మట నౌకాదళమున ఇంజనీరుగా పనిచేసెను. యుద్ధానంతరము కళాశాలలో చేరినను అచట మూడు మాసములకు మించి నిలువలేదు. 1865లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఒక ఆవిరి యంత్రమునకు తన పేర పేటెంటు పొందెను.

1866లో అతడు రైలులో ప్రయాణము చేయుచుండగా, స్కెనెక్టడీ, ట్రాయ్ పట్టణముల నడుమ రెండు గూడ్సు బండ్లు ఢీకొని దారి మూసుకొనిపోయెను. అచట పట్టాలు వంకర లేక చక్కగా ఉన్నవి. పట్టపగలు. ఇరువురు డ్రైవరులును ఎదుటి బండిని దూరము నుండియే చూచిరి. చూచియు ఆపలేకపోయిరి. ఈ విషయము యువకుని మనస్సును కలచివేసెను.

ఆ కాలమున రైలును ఆపు విధము మిక్కిలి అపాయకరమైనది. డ్రైవరు కూత వేయగనే బ్రేకులు వేయు పనివారు ఒక పెట్టె పైనుండి మరియొక పెట్టె పైకి దుముకుచు, ఒక్కొక్క పెట్టెకున్న చేతిచక్రమును త్రిప్పి బిగింపవలసియుండెను. చీకటిలో, వానలో, మంచు పేరుకొనిన కప్పులపై కాలు జారినచో బ్రతుకు ముగిసినట్లే. అట్లు పడి ప్రాణములు పోగొట్టుకొన్న వారును, కాలుసేతులు కోలుపోయిన వారును ఎందరో. ఇంత చేసినను బండి ఆగునప్పటికి చాల దూరము సాగిపోవుచుండెను.

పెట్టెలన్నిటి బ్రేకులును ఒక్కసారిగా, డ్రైవరు చేతిమీదుగా పడవలెనని వెస్టింగ్‌హౌస్ తలంచెను. మొదట గొలుసుతో లాగించు ఉపాయము యోచించెను. పొడవైన బండికి అది పనికిరాదని తోచెను. తరువాత ఆవిరిని యోచించెను. ఆవిరి చల్లని గొట్టములలో దూరము పోవులోపలనే నీరైపోవును. ఇట్లు దారి తోచక యుండగా, ఫ్రాన్సు, ఇటలీ దేశముల నడుమ మాంట్ సెనిస్ కొండను తొలుచుటకు అదిమిన గాలితో యంత్రములను నడపుచున్నారను వార్త నొక పత్రికలో చదివెను. వేలకొలది అడుగుల గొట్టములో పోయియు గాలి తన బలమును కోలుపోవుట లేదని గ్రహించెను. తాను వెదకుచున్నది దొరికినదని అతని మనస్సు ఉప్పొంగెను.

1869లో ఆయన బ్రేకును ఒక ప్రయాణీకుల బండికి అమర్చి పరీక్షించిరి. ఆ పరీక్ష నాడు అనుకొనని సంఘటన యొకటి జరిగినదని చెప్పుదురు. పట్టాలను దాటుచున్న బండి నుండి దాని తోలరి ఎగిరి, పరుగెత్తు రైలునకు ఎదురుగా పట్టాలపై పడెను. డ్రైవరు వెంటనే క్రొత్త బ్రేకును వేసెను. పడిన మనిషికి కొద్ది అడుగుల దూరమున రైలు నిలిచిపోయెను. పరీక్షింపబడకముందే ఆ యంత్రము ఒక ప్రాణమును నిలిపినది! ఆ యేడే ఏప్రిలులో పేటెంటు లభించెను. పిట్సుబర్గు నగరమున బ్రేకుల కంపెనీ స్థాపింపబడెను. అప్పటికి ఆయనకు ఇరువదిమూడేండ్లు నిండలేదు.

ఐనను ఆ బ్రేకులో ఒక గొప్ప లోపముండెను. గాలి ఇంజనునుండి గొట్టము గుండ పోయి బ్రేకులను నొక్కుచుండెను. గొట్టము ఎచటనైన తెగినచో గాలి వెలుపలికి పోయి బండికి బ్రేకే లేకుండపోవును. వచ్చిన కీర్తితో ఆయన తృప్తి పడలేదు. 1872లో ఏర్పాటునే తారుమారు చేసెను. ప్రతి పెట్టె క్రిందను గాలి నిండిన చిన్న తొట్టి నుంచి, దానికొక కవాటము నమర్చెను. గొట్టమునందు గాలి నిండియున్నంత వరకు బ్రేకులు వదలియుండును. డ్రైవరు గొట్టములోని గాలిని తగ్గింపగనే తొట్టిలోని గాలి బ్రేకులను నొక్కును. గొట్టము తెగినను, పెట్టెలు విడిపోయినను బ్రేకులు వాటంతటవియే పడును. లోపము కలిగినప్పుడు బండి పరుగెత్తక నిలువవలెనను ఈ సూత్రమే ఆయన మేధకు మకుటము.

1886, 1887 సంవత్సరములలో ఏబది పెట్టెల గూడ్సు బండ్లతో కఠిన పరీక్షలు జరిగెను. ముందు పెట్టెలకు బ్రేకు పడినను వెనుక పెట్టెలకు ఆలస్యముగా పడుటచే అవి వచ్చి గుద్దుకొనుచుండెను. తన బ్రేకు ఓడిపోయెనని ఒప్పుకొని, ఆయన కవాటమును మరల నిర్మించి జయము పొందెను. 1893లో అమెరికా ప్రభుత్వము రైళ్లకు ఇట్టి బ్రేకు లుండవలెనని శాసనము చేసెను. పెట్టెల కప్పులపై పరుగెత్తు పనివారి కష్టము క్రమముగా తొలగిపోయెను.

నిజామాబాదు మీదుగా పోవు గోదావరి లోయ రైలుమార్గము ఇరువదవ శతాబ్ద ప్రారంభ కాలమునాటిది. మన దేశపు రైళ్లలో చిరకాలము శూన్యముతో పనిచేయు బ్రేకులు వాడిరి. గొట్టములోనికి గాలి చొరబడినచో బ్రేకు పడుట వాని పద్ధతి. తరువాత మన రైళ్లును గాలి బ్రేకులకే మారినవి.

వెస్టింగ్‌హౌస్ కృషి ఇంతటితో ముగియలేదు. రైల్వే సిగ్నళ్లను బాగుపరచెను. 1888లో టెస్లా పేటెంట్లను కొని, విద్యుత్తును దూరప్రాంతములకు పంపుటకు వీలైన ఏకాంతర విద్యుత్తును వ్యాప్తి చేసెను. నయాగరా జలపాతమునుండి విద్యుత్తు తీసిన యంత్రములు ఆయన కంపెనీవే. పనివారికి శనివారము సగము దినము సెలవిచ్చిన ఉదారుడు. 1907 నాటి ఆర్థిక సంక్షోభమున తన విద్యుత్ కంపెనీపై అధికారమును కోలుపోయెను. ఐనను పని మానలేదు. తన జీవితమున మూడు వందలకు పైగా పేటెంట్లు పొంది, 1914 మార్చి 12వ తేదీన న్యూయార్కులో కన్నుమూసెను.

నేటి బరువు లారీలును, బస్సులును అదిమిన గాలితోనే ఆగుచున్నవి. కారులలో డ్రైవరు పాదబలమునకు తోడుపడు బూస్టరు అను పరికర ముండును. ఆపద వేళ అనేకులు పెడలును వేగముగా త్రొక్కుదురే కాని చాలినంత బలముగా త్రొక్కరు. అందుచే పెడలు కదలిన వేగమును ఎలక్ట్రానిక్ పరికరము కనిపెట్టి, బ్రేకును పూర్తిబలముతో తానే వేయు ఏర్పాటు 1996 నుండి కారులలో కనబడసాగెను. విద్యున్మోటారుతో నడచు బూస్టరులు ఇరువదియొకటవ శతాబ్దమున వచ్చినవి. మనిషి చేయి తడబడినప్పుడు యంత్రము ఆదుకొనవలెనని నాడు వెస్టింగ్‌హౌస్ కోరినదే వీని యందును నెరవేరుచున్నది.

వేగమును కనిపెట్టిన వారిని లోకము పొగడును. ఆ వేగమునకు కళ్లెము వేసినవాడును పూజ్యుడే. ఇతరుల ఆపదను చూచి జాలిపడి ఊరకుండక, దాని కారణమును వెదకి తొలగింపబూనుట ఆయన జీవితము మనకు నేర్పు పాఠము.