తుపాకుల నడుమ కాలినడకన: వినోబా భావే జీవితం

చేనేత చీరలకు పేరుపొందిన పోచంపల్లికి భూదాన్ అనే మాట ఇంటిపేరుగా మారడానికి కారకులు ఆచార్య వినోబా భావే. భూదానోద్యమ నాయకుడిగా ఆయనను ఎరుగనివారు అరుదు. అయితే ఆయన మన ప్రాంతానికి వచ్చింది భూములు అడగడానికి కాదన్న సంగతి చాలామందికి తెలియదు. తుపాకుల భయంతో బిక్కుబిక్కుమంటున్న పల్లెల్లో జనం గోడు విని, శాంతికి దారి వెదకడానికే ఆయన వచ్చారు. యువకులు హింసామార్గం పట్టకుండా చూడడం ఎలాగని పల్లె పెద్దలు, ఉపాధ్యాయులు, సేవా కార్యకర్తలు, అధికారులు ఆలోచించే ప్రతిసారీ వినోబా జీవితాన్ని ఒకమారు తిరగేయడం మంచిది.

హిమాలయమా, బెంగాలా?

వినోబా అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని కొలాబా జిల్లా, అంటే నేటి రాయగఢ్ జిల్లా, గాగోదె గ్రామంలో జన్మించారు. తండ్రి ఉద్యోగరీత్యా చదువు బరోడాలో సాగింది. తల్లి రుక్మిణీదేవి దైవభక్తి ఆయన మీద చెరగని ముద్ర వేసింది.

పడుచు వయసులో ఆయనను రెండు కోరికలు పట్టి లాగేవి. హిమాలయాలకు పోయి తపస్సు చేసుకోవాలన్నది మొదటిది. బెంగాల్ వెళ్ళి విప్లవకారులలో చేరి తెల్లదొరలపై ఆయుధం పట్టాలన్నది రెండోది. 1916 మార్చిలో ఇంటర్మీడియట్ పరీక్ష రాయడానికి బొంబాయి రైలెక్కిన ఆ యువకుడు సూరత్‌లో దిగిపోయి కాశీకి దారితీశాడు. అంతకు కొద్దివారాల ముందే కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉత్సవంలో గాంధీజీ చేసిన ప్రసంగం దేశంలో సంచలనం కలిగించింది. ఆ వివరాలు చదివిన వినోబా తన సందేహాలను ఉత్తరాలలో రాసి పంపారు. వచ్చి ఆశ్రమంలో ఉండి చూడమని గాంధీజీ జవాబిచ్చారు. 1916 జూన్ 7న అహ్మదాబాదులోని కోచ్రబ్ ఆశ్రమంలో వారిద్దరూ కలుసుకున్నారు. హిమాలయాల శాంతి, బెంగాల్ విప్లవం రెండూ తనకు గాంధీజీ వద్దనే దొరికాయని వినోబా తరువాతి కాలంలో చెప్పుకునేవారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ యువకుడిలోని ఆవేశాన్ని ఎవరూ గద్దించి అణచలేదు. ఆ ఆవేశానికి తగిన పని అప్పగించారు. వంట, విసురు, పాకీపని, రాట్నం, పాఠాలు చెప్పడం వంటి పనుల్లో ఆయన ఏళ్ళ తరబడి మునిగిపోయారు. 1921లో వార్ధా ఆశ్రమ బాధ్యత ఆయనకు అప్పగించారు. 1940 అక్టోబరు 17న వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు గాంధీజీ తొలి సత్యాగ్రహిగా వినోబాను ఎన్నుకున్నారు. జైళ్ళను ఆయన బడులుగా మార్చుకున్నారు. 1932లో ధూలియా జైలులో తోటి ఖైదీలకు గీతా ప్రవచనాలు చెప్పారు. 1942 ఉద్యమంలో అరెస్టయ్యాక వేలూరు జైలులో తెలుగుతోపాటు మిగిలిన దక్షిణాది భాషలు నేర్చుకున్నారు.

పోచంపల్లిలో ఆనాడు

తెలంగాణలో దొరల దౌర్జన్యం, వెట్టిచాకిరి, బేదఖళ్ళపై రగిలిన రైతాంగం 1946 నుంచి కమ్యూనిస్టుల నాయకత్వంలో సాయుధ పోరాటానికి దిగింది. 1948 సెప్టెంబరులో నైజాం రాజ్యం భారత యూనియన్‌లో కలిసినా తుపాకుల మోత ఆగలేదు. 1951 నాటికి నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెలు పగలు పోలీసులకు, రాత్రి దళాలకు భయపడుతూ బతుకుతున్నాయి.

ఆ సంవత్సరం ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపాన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వినోబా వార్ధా వద్ద ఉన్న తన పౌనారు ఆశ్రమంనుంచి కాలినడకనే అక్కడికి వచ్చారు. సమావేశాలు ముగిశాక కల్లోలిత గ్రామాలలో తిరుగుతానని ప్రకటించారు. శ్రీరామనవమి రోజున ఆయన మొదట వెళ్ళింది హైదరాబాదు జైలుకు. అక్కడ నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలతో కూర్చుని వారి మాటలు విన్నారు. ఆ తరువాతనే పల్లెలకు బయలుదేరారు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. ఊళ్ళో అడుగుపెట్టాక ఆయన దళితవాడకు వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. తమకు పని లేదనీ, కొంత భూమి ఉంటే కష్టపడి బతుకుతామనీ వాడవారు చెప్పుకున్నారు. ఎంత కావాలంటే, 40 కుటుంబాలకు 40 ఎకరాల తరి, 40 ఎకరాల కుష్కి, మొత్తం 80 ఎకరాలు చాలన్నారు. ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకొమ్మని చెప్పి ఊరుకోవచ్చు. అయినా వినోబా ఆ ప్రశ్నను ఊరివారి ముందు ఉంచారు. అక్కడున్న వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికన్నా ఎక్కువ ఇస్తామన్నా తమకు 80 ఎకరాలు చాలని వాడవారు అనడం విశేషం.

ఆ రాత్రి వినోబాకు ఒక దారి కనిపించింది. మరునాటినుంచి ఊరూరా భూమి అడగడం ప్రారంభించారు. రోజుకో మజిలీ, తెల్లవారకముందే నడక, సాయంత్రం ప్రార్థనసభ, మధ్యలో ఊరి తగాదాల పరిష్కారం, ఇదీ ఆయన దినచర్య. తెలంగాణలో 51 రోజులు నడిచి సుమారు 12,000 ఎకరాలు సేకరించారు. అదే సంవత్సరం అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. దానికి ఆ పార్టీ సొంత కారణాలు, సైనిక చర్యలు, రాబోయే ఎన్నికలు కూడా ఉన్నాయి. కనుక శాంతి అంతా వినోబా ఒక్కరి చలవేననడం సరికాదు. కానీ ఒక్క తుపాకీ చేతపట్టకుండా ఇరుపక్షాల వారినీ కలిసి మాట్లాడవచ్చునని ఆయన చూపించారు.

చంబల్ లోయలో

1960లో ఆయన మధ్యప్రదేశ్‌లోని భిండ్, మొరేనా జిల్లాలలో నడిచారు. తరతరాల పగలతో, భూతగాదాలతో ఆ చంబల్ లోయలో యువకులు తుపాకులు పట్టి బందిపోట్లుగా మారుతుండేవారు. పేరుమోసిన బందిపోటు మాన్‌సింగ్ కుమారుడు తహసీల్దార్‌సింగ్ ఉరిశిక్ష పడి నైనీ జైలులో ఉంటూ వినోబాకు ఉత్తరం రాశాడు. ఆయన రిటైర్డు మేజర్ జనరల్ యదునాథ్‌సింగ్‌ను పంపారు. ఆ ప్రాంతంలో పలుకుబడి గల యదునాథ్‌సింగ్ కొండకోనలు తిరిగి బందిపోట్లతో మాట్లాడారు. ఫలితంగా ఆ మే నెలలో 20 మంది వినోబా ఎదుట ఆయుధాలు దించారు.

వారికి క్షమాభిక్ష ఇప్పిస్తానని వినోబా ఆశపెట్టలేదు. చేసిన నేరాలకు కోర్టులో విచారణ తప్పదని ముందే చెప్పారు. వారి కుటుంబాలను ఆదుకోవడానికీ, పగలు మళ్ళీ రాజుకోకుండా చూడడానికీ ఒక శాంతి సమితి ఏర్పడింది. పోలీసు అధికారులు కొందరు దీనివల్ల నేరస్థులకు గౌరవం పెరుగుతుందని అభ్యంతరం చెప్పారు. అయినా ఆ దారి మూసుకుపోలేదు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ఎదుట వందలాది బందిపోట్లు లొంగిపోయారు.

శాంతిసేన

కల్లోలం వచ్చాక పరుగెత్తడంకన్నా ముందునుంచే ఊళ్ళో ఒక మనిషి ఉండాలన్నది వినోబా ఆలోచన. 1957లో కేరళ పర్యటనలో శాంతిసేనకు నాంది పలికారు. ఐదువేల జనాభాకు ఒక సైనికుడు చొప్పున ఉండాలని ఆయన లెక్క వేశారు. మామూలు రోజుల్లో అతడు ఇంటింటికీ తిరిగే సేవకుడు. ఎవరింట్లో ఏ కష్టముందో, ఏ రెండు వర్గాల మధ్య మాటలు ఆగిపోయాయో అతడికి తెలియాలి. అల్లరి రేగితే ఇరువర్గాల నడుమ నిలబడి, అవసరమైతే ప్రాణమివ్వడానికి సిద్ధపడాలి. ఏనాడూ ముఖం చూపనివాడు గొడవనాడు వచ్చి నీతులు చెబితే ఎవరూ వినరు. ఈ సేవకుల పోషణకు ప్రతి ఇంట్లో సర్వోదయ పాత్ర పెట్టి, రోజూ పసిపిల్లల చేత పిడికెడు గింజలు వేయించాలన్నారు. తిండి పెట్టేది ఊరు కనుక సేవకుడు ఊరికే జవాబుదారీ.

లోటుపాట్లు

వినోబా బాటలో లోపాలు లేకపోలేదు. 1964 దాకా దేశమంతా నడిచి ఐదుకోట్ల ఎకరాలు కోరారు. దక్కింది 40 లక్షల ఎకరాలకు పైగా. అందులో చాలా భూమి రాళ్ళు రప్పలు, కోర్టు వ్యాజ్యాలు. కొంత కాగితాలమీదనే ఉండిపోయి పేదల చేతికి రాలేదు. దానాలతో భూసమస్య తీరదనీ, భూసంస్కరణల చట్టాల ఒత్తిడి దీనివల్ల తగ్గిందనీ వామపక్షాలవారు విమర్శించారు. ఎమర్జెన్సీ కాలంలో ఆయన వైఖరి కూడా విమర్శలకు గురైంది.

ఇచ్చిన మాట నిలవనిచోట హింస తిరిగి తలెత్తింది. 1967లో నక్సల్బరీలో నిప్పు రగిలింది. 1970లో బీహారులోని ముసహరి బ్లాకులో సర్వోదయ కార్యకర్తలకు చావు బెదిరింపులు రాగా, జయప్రకాశ్ అక్కడికే వెళ్ళి నెలల తరబడి మకాం వేశారు. పట్టాలు అందని పేదలు, అందవలసిన కూలి అందని వ్యవసాయ కూలీలు ఆయనకు అడుగడుగునా కనిపించారు. తెలంగాణ జిల్లాలు కూడా తరువాతి దశాబ్దాలలో మళ్ళీ తుపాకుల మోత విన్నాయి.

వినోబా 1982 నవంబరు 15న, దీపావళి నాడు, మందులూ ఆహారమూ మాని పౌనారు ఆశ్రమంలో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది. పోచంపల్లిలో ఆయన బస చేసిన చోటు వినోబా మందిరంగా నిలిచి ఉంది. చీరలు కొనడానికి వచ్చేవారు అక్కడ కూడా ఒక్క నిమిషం ఆగితే బాగుంటుంది. దళితవాడలో ఆయన మొదట అడిగింది మీకేం కావాలని మాత్రమే. ఊళ్ళలో పనిచేసే ప్రతి కార్యకర్తా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. వచ్చిన జవాబు ప్రకారం పని పూర్తయ్యేదాకా వెంటపడాలి. వినోబా వెనుక వచ్చినవారు చాలాచోట్ల ఈ రెండో పనిని సగంలో వదిలేశారు.